నలభై మూడు అర్జీలూ ఒక పాత రాకెట్టూ

ఆ ఆదివారం పొద్దున రాజేంద్రప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి రాకెట్ వదలాలి. పదిన్నరకల్లా అది భూమిని ఒక చుట్టు చుట్టి రావాలి. పదకొండింటికి సంచీ పట్టుకుని మాంసం కొట్టుకు వెళ్ళాలి. ఈ మూడింటిలో చివరిది ఒక్కటే అతని భార్య సిరీషకు తెలుసు. ఆవిడ లెక్కలో పని అనదగ్గది కూడా అదొక్కటే.

రాజేంద్రప్రసాద్ బాన్సువాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి నిజాంసాగర్ కాల్వ కింద పొలం కొనుక్కున్న కుటుంబం వాళ్ళది. తండ్రి పోయాక పొలం కౌలుకిచ్చి, తల్లి బుజ్జమ్మతోనూ భార్యతోనూ ఊళ్ళోనే ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. రెండువేల మూడో సంవత్సరం అది. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ళను ఆ వీధిలో ఒక వేలు మీద లెక్కపెట్టవచ్చు. ఆ వేలు రాజేంద్రప్రసాద్‌దే.

ఆ కంప్యూటర్లో అతను ఆడేది అంతరిక్షయానం ఆట. అందులో తుపాకులు ఉండవు, శత్రువులు ఉండరు, మార్కులు పడవు. ఉన్నదల్లా గురుత్వాకర్షణ. దాన్ని ఆట అనడానికి అతని విద్యార్థులే ఒప్పుకోలేదు. ఈ ఆటకు దేశదేశాల్లో ఓపికున్నవాళ్ళు పాతకాలపు రాకెట్లను తయారుచేసి జతపరుస్తుంటారు, వాటిని యాడాన్లంటారు. పోర్చుగల్‌లో రైల్వే సిగ్నళ్ళ శాఖలో రిటైరైన ఒక పెద్దాయన, పందొమ్మిదివందల యాభైల నాటి మూడంచెల రాకెట్ ఒకటి పాత ఫొటోలు చూసి బోల్టు బోల్టుకూ అచ్చంగా దింపాడు. ఎంత రాకెట్ అయినా అది మోసేది బత్తాయి పండంత ఉపగ్రహాన్ని. దాన్ని పరీక్షించడానికి ఆయన ఏడుగురిని పెట్టుకున్నాడు, ఏడోవాడు రాజేంద్రప్రసాద్.

ఆ రాకెట్‌లో ఒక దొంగ తప్పు ఉంది. ఉపగ్రహాన్ని వదిలేశాక, ఇంధనం అయిపోయి శవంలా తిరగాల్సిన మూడో అంచె, ఎప్పుడో ఒకసారి తనంతట తాను మళ్ళీ మండుతుంది. జపాన్‌లో ఒకాయన ఒకసారి చూశాడు, కెనడా ఆవిడ రెండుసార్లు చూసింది. మళ్ళీ చేసి చూపించమంటే ఎవరివల్లా కాలేదు. దాన్ని పట్టుకున్నవాడి పేరు యాడాన్ మొదటి పేజీలో అందరికంటే పైన వేస్తానని పెద్దాయన ఉత్తరం రాశాడు. పదహారేళ్ళుగా న్యూటన్ సూత్రాలు చెప్పి, ర్యాంకులొచ్చిన పిల్లల పేర్లు కాలేజీ గోడమీద చదివి చదివి ఉన్న మనిషి రాజేంద్రప్రసాద్. పెళ్ళి శుభలేఖ తర్వాత అతని పేరు ఎక్కడా అచ్చు కాలేదు. ఆ పేజీలో తన పేరు చూసుకోవాలని అతనికి ఎంత కోరికగా ఉండేదంటే, పదకొండు నెలలుగా కాలేజీ నుంచి తిన్నగా ఇంటికొచ్చి ఆ రాకెట్‌నే ఎగరేస్తున్నాడు.

ఆఖరి పరీక్షకు గడువు ఆదివారం మధ్యాహ్నం పన్నెండు. పెద్దాయన పంపిన రాకెట్ మూట ఇంటర్నెట్ నుంచి కంప్యూటర్లోకి దిగడానికి ఫోన్ లైన్ మీద గంటన్నర పట్టి, ఏడూ నలభైకి పూర్తయింది. పరీక్షకు రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు కావాలి. కాలాన్ని వేగంగా తిప్పే మీట ఉందిగానీ అది నొక్కితే పరీక్ష చెల్లదు. ఊళ్ళో చూస్తే రోజూ ఎనిమిది నుంచి పదకొండు దాకా కరెంటు కోత. యూపీఎస్ ఉందంటే ఉంది, పది నిమిషాలు మూలిగి ఊరుకుంటుంది. అందుకే ముందురోజు సాయంత్రమే సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఏసయ్య ఇంటికి వెళ్ళాడు. ఏసయ్య కూతురు లాలికి ఫిజిక్స్ ట్యూషన్ చెప్పేది రాజేంద్రప్రసాదే.

"ఏసయ్యా, రేపు ఒక్కపూట మా లైను ఆపకుండా చూడగలవా? చాలా ముఖ్యమైన పని ఉంది."

"గదెంత పని సార్. మీ దిక్కు కోత ఆవలి దిక్కుకు మార్చేస్త. ఎవలకు తెలుస్తది? ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు ఏసయ్య.

ఎవరికీ తెలియదన్న ఆ ఒక్క మాట తప్పు. బాన్సువాడలో ఎనిమిదింటికి కరెంటు పోవడమనేది సూర్యుడు పొడవడం లాంటిది. ఆ లెక్కనుబట్టే ఆడవాళ్ళు పిండి రుబ్బుకుంటారు, పిండి గిర్నీవాడు మర పట్టా విప్పేస్తాడు, జిరాక్సు షాపువాడు టీకి వెళ్తాడు. ఆవేళ ఎనిమిది దాటి పావుగంటైనా ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. జనం ముందు గడియారాలు చూసుకున్నారు, తర్వాత ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కరెంటు పోయే వేళకు పోకపోతే ఆ ఊళ్ళో దానికి ఒకటే అర్థం. ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారు.

ఈ సంగతి ముందుగా ఆరా తీసినవాడు రాజేశ్వర్. రాజేంద్రప్రసాద్ పక్కింటివాడు, తాతల నాటి నుంచి ఆ ఊరివాడు, పదెకరాల వరి, నాలుగెకరాల చెరకు ఉన్నవాడు, అన్నిటికీ మించి నీటి సంఘం అధ్యక్షుడు. కాల్వ చివరి పొలాలకు యాసంగి పంట ఆఖరి తడి ఇంకా అందలేదని ఆయన దగ్గర అర్జీ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దాన్ని ఇవ్వడానికి ఒక చెయ్యి దొరకడమే ఆలస్యం. ఆయన సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేశాడు.

"ఏసయ్యా, కరెంటు పోలేదేంది?"

"పోలేదన్నా."

"గదే అడుగుతున్న. ఎందుకు పోలేదు?"

ఏసయ్య ఇరవై రెండేళ్ళ సర్వీసులో కరెంటు ఎందుకు పోయిందని అడిగినవాళ్ళే గానీ ఎందుకు పోలేదని అడిగినవాళ్ళు లేరు. పోయినదానికైతే వైరు తెగింది, కాకి పడ్డది, ఫీజు కొట్టేసింది అని పది జవాబులు నోటికొచ్చు. దీనికి ఒక్కటీ తయారుగా లేదు. "పైనుంచి చెప్పిండ్రన్నా," అనేశాడు.

"ఎవరొస్తుండ్రు?"

"నాకేం తెల్వది. ఫిజిక్స్ సారు ఇంటికాడ ఏదో పెద్ద పనున్నదట."

రాజేశ్వర్ ఫోన్ పెట్టేసి ప్రహరీ మీంచి తొంగిచూశాడు. సిరీష కుర్చీలన్నీ బయటేసి కడుగుతోంది. ఆదివారమాదివారం కడుగుతుంది, కానీ ఆదివారాల్లో రాజేశ్వర్ ఎప్పుడూ ప్రహరీ మీంచి చూడలేదు. ఆయనకు విషయం అర్థమైపోయింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గరకు వచ్చాడు.

"చెల్లె, సారున్నడా?"

"లోపల ఉన్నారన్నా. పదిన్నర దాకా ఎవర్నీ కలవనన్నారు. తలుపు కూడా తట్టొద్దన్నారు," అంది సిరీష. అతను చెప్పింది చెప్పినట్టే చెప్పింది పాపం.

సరిగ్గా అప్పుడే ఆ గదిలోంచి గరగరమంటూ ఇంగ్లీషు మాటలు వినిపించాయి. పోర్చుగల్ పెద్దాయన రాకెట్‌తో పాటు పాతకాలపు రేడియో గొంతుల్ని కూడా జతచేశాడు. అంకెలు లెక్కపెట్టే గొంతొకటి, దానికి బదులు చెప్పే గొంతొకటి. రాజేశ్వర్ ఇంగ్లీషు చదువుకోలేదుగానీ దొర గొంతు ఎలా ఉంటుందో తెలుసు.

"లోపల్నే ఉన్నడా?" అన్నాడు గొంతు తగ్గించి.

"లోపలే ఉన్నారన్నా. చెప్పాగా," అంది సిరీష, భర్త గురించి అడిగాడనుకుని.

ఇంకేముంది. అరగంటలో వార్త బస్టాండు దాటింది. కాల్వల మరమ్మతుకు అప్పివ్వడానికి ప్రపంచ బ్యాంకు దొర రహస్యంగా వచ్చాడనీ, ఆంధ్రా సారు ఇంట్లో దిగాడనీ, ఎవరికీ చెప్పకుండా చూసిపోదామనుకుంటున్నాడనీ అన్నారు. పంచాయతీవాళ్ళు మురుగు మోరీల అంచున బ్లీచింగ్ పౌడరు గీతలు గీశారు. ట్రాక్టర్ ట్యాంకరు వచ్చి వీధిలో నీళ్ళు చల్లింది. బ్లీచింగ్ చూసి ఇంకొందరు నమ్మారు, నీళ్ళు చూసి మిగతావాళ్ళు నమ్మారు. తొమ్మిదిన్నరకు గేటు ముందు నలభైమంది అర్జీలతో నిలబడ్డారు. జిరాక్సు షాపువాడు ఆవేళ టీ తాగనే లేదు.

అందరికంటే ముందు కూచున్నది ముత్తవ్వ. ఆమెకు వితంతు పింఛను మూడేళ్ళుగా రావడం లేదు.

"బిడ్డా, దొర బయటికొస్తే నా కాయితం ముందుగాల ఇప్పియ్యి. ఆయనకు నా బాస తెల్వకుంటె నువ్వు చెప్పు," అంది సిరీషతో.

"ఏ దొర, అవ్వా?"

"మీ ఇంట్ల ఉన్న దొర."

 మా ఇంట్లో ఎవరూ లేరని సిరీష చెబితే రాజేశ్వర్ అర్థం చేసుకున్నట్టు తలాడించి, "గట్లనే చెప్పాలె చెల్లె. పెద్దోళ్ళ ముచ్చట బయట చెప్పద్దు," అన్నాడు. నిజం చెప్పినకొద్దీ జనానికి నమ్మకం పెరిగింది. తలుపు తడదామంటే రాకెట్ పైకి లేచే వేళ తట్టినందుకు పోయిన నెల మూడు రోజులు మాట్లాడలేదు ఆ మహానుభావుడు. చావనీ, అదేదో ఆయనే తేల్చుకుంటాడు అనుకుని ఆవిడ కుర్చీలు తుడవసాగింది.

అత్తగారు బుజ్జమ్మ మాత్రం వీధిలోకి వెళ్ళి అంతా విని వచ్చింది. "ఏవమ్మా సిరీషా, మనింటికి దొరగారొస్తే నాతో ఒక్క మాట చెప్పక్కర్లేదా?"

"ఎవరూ రాలేదత్తయ్యా. ఆయన ఆట ఆడుకుంటున్నారు."

"నోరు ముయ్యి. ఊరు ఊరంతా చెప్తోంది, నీకు తెలీదంతే," అని బుజ్జమ్మ పెసరట్ల పెనం పొయ్యి మీద పెట్టింది. దొర కారం తింటాడో తినడోనని నాలుగు పెసరట్లు చప్పగా కూడా వేసింది.

గదిలో రాజేంద్రప్రసాద్‌కు ఇవేవీ తెలియవు. లుంగీ కట్టుకుని, తెర ముందు ఊపిరి బిగబట్టి కూచున్నాడు. రాకెట్ ముచ్చటగా లేచింది. మొదటి అంచె ఊడింది, రెండోది ఊడింది, మూడోది మండి ఆరింది, బత్తాయంత ఉపగ్రహం తళుక్కున విడివడింది. ఇప్పుడది భూమి అవతలివైపు తిరిగి వస్తోంది. తప్పు బయటపడితే ఈ చివరి ఇరవై నిమిషాల్లోనే పడుతుందని అతని అనుమానం. పక్కన నోటు పుస్తకంలో నిమిషం నిమిషం రాసుకుంటున్నాడు. నూట ఇరవై మూడు. నూట ఇరవై నాలుగు.

ఈలోగా వీధి చివర జీపు ఆగింది. కరెంటు ఆఫీసు పెద్ద ఇంజనీరు దిగాడు. ప్రపంచ బ్యాంకు దొర తన పరిధిలోకి వస్తే తనకే తెలియకపోవడం ఏమిటని ఆయన బాధ. ఆయన వెనకాల మోపెడ్ మీద ఏసయ్య వచ్చాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. అర్జీలన్నీ పోగుచేసి కట్ట కట్టిన రాజేశ్వర్, పెద్ద ఇంజనీరును చూసి ఇక ఆగలేకపోయాడు. అధికారి కంటే వెనకపడితే నీటి సంఘం పరువేం కాను. అప్పుడే బుజ్జమ్మ పెసరట్ల పళ్ళెంతో గది తలుపు తోసింది.

"నాయనా, దొరగారు టిఫిన్ చేస్తారేవో," అంటూ ఆవిడ లోపలికి అడుగుపెట్టింది. ఆవిడ వెంట రాజేశ్వర్, రాజేశ్వర్ వెంట గుమ్మంలో పట్టినంతమంది.

గదిలో దొర లేడు. లుంగీలో సారు ఉన్నాడు. బల్ల మీద పెట్టెలోంచి మాత్రం దొర గొంతు గరగరమంటోంది. రాజేశ్వర్ ఒక్క క్షణం బిత్తరపోయాడు. మరుక్షణంలో తేరుకున్నాడు. మనిషి ఎక్కడుంటేనేం, గొంతు ఉన్నచోట చెవి కూడా ఉంటుంది. చెప్పులు గుమ్మం బయటే విడిచి, రెండు చేతులతో అర్జీల కట్ట పట్టుకుని, దేవుడి పాదాల దగ్గర పెట్టినట్టు పెట్టె ముందు పెట్టాడు. పెద్దవాళ్ళను వట్టి చేతులతో చూడకూడదు కనుక దాని మీద ఒక నిమ్మకాయ కూడా పెట్టాడు. నలభై మూడు అర్జీలూ, నిమ్మకాయా కలిసి కీబోర్డు మీద కూచున్నాయి.

"దండం సార్. యాసంగి ఆఖరి తడి జెర ఇప్పియ్యాలె," అన్నాడు తెరతో.

తెర మీద, ఇంధనం అయిపోయి చచ్చిపడి ఉన్న మూడో అంచె, భగ్గున మండింది. వెనక్కి తిరిగి, ఉపగ్రహం పక్కనుంచి దూసుకుపోయి, చూస్తుండగానే చీకట్లో కలిసిపోయింది. పక్కన నిదానంగా తిరగాల్సిన అంకెలన్నీ పిచ్చెత్తినట్టు పరిగెత్తాయి.

"తీసెయ్యండి. అది తీసెయ్యండి," అన్నాడు రాజేంద్రప్రసాద్.  పదకొండు నెలలు. నూట ఇరవై ఏడో నిమిషం. ఏడుపొక్కటే తక్కువైంది.

ఇంతలో పెద్ద ఇంజనీరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఎక్కడున్నారు? ఎవరి ఆర్డరు మీద లైను ఆపలేదు?" అన్నాడు.  ఏసయ్య గోడకు అంటుకుపోయాడు. రాజేంద్రప్రసాద్ అతని మొహం చూశాడు, నిజం చెబితే ఆ ఉద్యోగం ఏమవుతుందో తెలిసి నోరు మూసుకున్నాడు. గుమ్మం బయట నలభైమంది రాజేశ్వర్ మొహమే చూస్తున్నారు. పొద్దున్నుంచి ఊరినంతా లేపింది తానే. దొర లేడని బయటికెళ్ళి చెబితే వచ్చే నీటి సంఘం ఎన్నికల్లో తనకు తన ఓటు కూడా పడదు.

రాజేశ్వర్ దగ్గాడు. "ఇప్పటిదాంక ఉన్నడు సార్. కంప్యూటర్ల. విదేశంకెళ్ళి మాట్లాడిండు. మన అర్జీలన్ని జూసిండు. సారే అంత బందోబస్తు చేసిండు," అన్నాడు.

అప్పట్లో వీడియో కాన్ఫరెన్సుల పేరుతో అధికారులందరికీ కంప్యూటర్లో పైవాళ్ళు కనబడడం, కనబడితే తిట్టడం మామూలే. పెద్ద ఇంజనీరు తెర వైపు చూశాడు. నల్లటి తెరమీద నీలం భూగోళం మెల్లగా తిరుగుతోంది. ఆయన అప్రయత్నంగా చొక్కా సవరించుకున్నాడు. "అట్లాంటప్పుడు లైను ఆపకపోవడమే కరెక్టు," అన్నాడు. ఏసయ్య భుజం తట్టి, "మంచిగ చేసినవ్. మళ్ళీసారి నాకు ముందుగాల చెప్పు," అని, బుజ్జమ్మ ఇచ్చిన చప్ప పెసరట్లు రెండు తిని వెళ్ళిపోయాడు.

జనం పోయాక అర్జీల కట్ట మాస్టారి దగ్గరే మిగిలింది. రాజేంద్రప్రసాద్ దాన్ని కీబోర్డు మీంచి తీసి పక్కన పెట్టాడు. ఆ తర్వాత అతని బుర్రలో మెల్లగా వెలిగింది. జపాన్ ఆయన చూసింది, కెనడా ఆవిడ చూసింది, ఇదే. వాళ్ళ కీబోర్డు మీద కూడా ఏదో బరువు పడి బోలెడు మీటలు ఒక్కసారే నొక్కుకుని ఉంటాయి. ఇన్నాళ్ళూ అందరూ వెతుకుతున్న తప్పు తన కళ్ళ ముందు తన గదిలోనే దొరికింది. ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. గబగబా ఆటను మూడో అంచె కక్ష్యలో ఉన్న చోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టి, వేళ్ళతో అవే మీటలు నొక్కాడు. ఏమీ కాలేదు. రెండు చేతులతో నొక్కాడు, మోచేత్తో నొక్కాడు, సిరీషను పిలిచి ఆవిడ చేతులు కూడా పెట్టించాడు. మూడో అంచె కదలలేదు. చివరికి అర్జీల కట్ట తెచ్చి, ఉన్నది ఉన్నట్టు నిమ్మకాయతో సహా పెట్టాడు. భగ్గున మండింది. తీసి పెట్టినప్పుడల్లా మండింది.

గడువుకు ఇరవై నిమిషాలుంది. నివేదికలో ఒక గడి ఉంటుంది. తప్పు పట్టుకున్నవారి పేరు. రాజేంద్రప్రసాద్ అందులో తన పేరు కొట్టాడు. బాగుంది. కాసేపు చూసుకున్నాడు. కింద ఇంకో గడి, ఏం చేస్తే తప్పు బయటపడింది, వివరంగా రాయండి. ప్రయోగశాలలో చూడని రీడింగు రాసినందుకు ఏటా పిల్లల మార్కులు కోసే మనిషి అతను. వివరంగా రాస్తే అర్జీలు రాయాలి, అర్జీలు రాస్తే వాటిని పెట్టిందెవరో రాయాలి. పై గడిలో పేరు చెరిపేసి, మళ్ళీ కొట్టాడు.

"ఏవండీ, పన్నెండు కావస్తోంది. మాంసం అయిపోతుంది," అంది సిరీష వంటింట్లోంచి. అతను పంపే మీట నొక్కి సంచీ తీసుకున్నాడు.

అర్జీలను సోమవారం మండలాఫీసులో ఇచ్చి రసీదు పుచ్చుకున్నాడు. కాల్వ ఆఖరి తడి దాని వంతు ప్రకారం పది రోజులకు వచ్చింది. ఊళ్ళోవాళ్ళు వంతు సంగతి మరిచిపోయి రాజేశ్వర్‌కు దండ వేశారు. ముత్తవ్వ పింఛను గురించి మాత్రం దొరకు ఇంకోసారి ఫోన్ చెయ్యమని ఇప్పటికీ సిరీషను అడుగుతుంది.

నెల తిరగకుండా యాడాన్ బయటికొచ్చింది. రాజేంద్రప్రసాద్ మొదటి పేజీ తెరిచాడు. అందరికంటే పైన, అందరికంటే పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో, రాజేశ్వర్, రైతు నాయకుడు, బాన్సువాడ అని ఉంది. దాని కింద కళ్ళకు ఆనీఆననంత చిన్న అక్షరాల్లో, పొరుగువారి కంప్యూటర్ సహాయంతో, అని ఉంది. ఆ కింద మిగతా ఆరుగురి పేర్లు ఉన్నాయి, ఏడోవాడి పేరు లేదు. అతను ఆ పేజీ కిందికీ పైకీ మూడుసార్లు చదివాడు.

సంగతి తెలిసి రాజేశ్వర్ ఆ సాయంత్రమే వచ్చాడు. తన పేరున్న కాయితం రెండు కాపీలు తీయించుకున్నాడు, ఒకటి ఇంటికి, ఒకటి నీటి సంఘం ఆఫీసుకు. కాయితం దూరంగా పట్టుకుని మురిపెంగా చూశాడు.

"నా పేరు ఒక్కటి గుర్తుపడతున్న సారు. గీ కింద చిన్నగ ఉన్నదేంది?"

క్లాసులో పాఠం చెప్పినంత నిదానంగా, అది కంప్యూటర్ తయారుచేసిన కంపెనీ పేరని చెప్పాడు రాజేంద్రప్రసాద్.